గోదావరి అవతల మా తమ్ముడి ఊరు

మా మెట్‌పల్లిలో గోదావరి అవతలి సంగతి ఎవరినడిగినా చెప్పేది ఒకటే: అడవి, పులి, చలిజ్వరం. అట్లా చెప్పేవాళ్లలో నది దాటినవాళ్లు ఒక్కరూ కనబడరు. నేను దాటి వచ్చాను. పులి ఎదురుపడలేదు, జ్వరమూ రాలేదు. అడవి మాత్రం ఉంది. ఆ ఎండల్లో అది ఉన్నందుకు చేతులెత్తి దండం పెట్టాను. వెళ్లి చూడని వాళ్ల కోసం, ముఖ్యంగా "పంతులమ్మ బండి కట్టించుకొని ఒక్కతే పోయిందట" అని చెవులు కొరుక్కున్న మా వాడకట్టు ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కొత్త పైసలు వచ్చిన ఏటి ఎండాకాలం అది. నేను మెట్‌పల్లిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. పెండ్లయిన కొద్దికాలానికే మా ఆయన పోవడంతో పుట్టింటికి వచ్చి మా అమ్మ దగ్గరే ఉంటున్నాను. అమ్మను మేము అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. మా తమ్ముడు రాజం పత్తి బండ్ల వెంట ఆదిలాబాద్ దిక్కు పోయి, అక్కడే ఒక ఇంటికి ఇల్లుటం పోయాడు. అంటే పెండ్లి చేసుకొని అత్తగారింట్లోనే ఉండిపోయాడు. మా బాపుకు అది తల కొట్టేసినట్టయింది. పెండ్లికి మాలో ఎవరినీ పోనివ్వలేదు. ఆ తరువాత బాపు పోయాడు. మొన్నటి చలికాలంలో రాజం మామ కూడా పోయాడని కబురు వచ్చింది. దాని వెనకే ఇంకో కబురు: ఆ మామకు అన్న కొడుకు ఒకడున్నాడట, చేను తనదేనంటున్నాడట, మా వాణ్ని ఊళ్లోంచి వెళ్లగొట్టేట్టున్నాడట.

అవ్వకు నిద్ర పట్టలేదు.

"వానికి గక్కడ ఏమున్నదే? జీతగాని లెక్క పడి ఉన్నడు. పెండ్లాన్ని, పిల్లను బండెక్కించుకొని రమ్మను. మన రెండెకరాలు వాని కోసమే బీడు వెట్టి ఉంచిన. నువ్వు పోయి తోల్కరా" అంది.

బడికి సెలవులు. పక్కింటి ఓదెలు మామ బండి కడతానన్నాడు. నేను "సరే" అన్నాను.

గోదావరి ఇసుక

ఓదెలు మామకు నోరు ఊరుకోదు. దారి పొడుగునా ఎడ్లతో మాట్లాడతాడు, ఎడ్లు జవాబివ్వకపోతే నాతో మాట్లాడతాడు. నేను మాత్రం బండిలో కూర్చొని, తమ్ముడి అత్తతో ఆడవలసిన మాటలు మనసులో కూర్చుకుంటున్నాను. "మా వాణ్ని ఇన్నాళ్లు వాడుకున్నారు, ఇక చాలు" అని మొదలుపెట్టాలా, లేక చివరికి ఉంచాలా అన్నదే తేలలేదు.

ఎండాకాలపు గోదావరి అంటే ముప్పాతిక వంతు ఇసుక, పాతిక వంతు నీళ్లు. ఆ పాతిక వంతులోనే మా బండి దిగబడింది. తడి ఇసుకలో ఒక చక్రం ఇరుసు దాకా కూరుకుపోయి, నా రేకుపెట్టె జారి నీళ్లలో పడింది. తమ్ముడికని అవ్వ రెండు రోజులు కూర్చొని చేసిన గరిజెలు, అంటే కజ్జికాయలు, అందులోనే ఉన్నాయి. ఓదెలు మామ పెట్టెను తీసి, మూత తెరిచి, ఒక గరిజెను నోట్లో వేసుకొని, "పాయసమైంది బిడ్డా, మంచిగనే ఉంది" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇసుకలో పుచ్చకాయల పాదులు పెట్టుకున్న ఒక కుటుంబం వచ్చి చక్రానికి భుజం ఆనించింది. బండి ఒడ్డెక్కాక ఆ ఇల్లాలు ఒక కాయ కోసి మా ముందు పెట్టింది. నేను పైసలివ్వబోయాను. నా చేతిలో ఉన్నవి కొత్త పైసలు. ఆమె ఒకదాన్ని తీసుకొని వెనకా ముందూ చూసి నవ్వింది.

"గివి ఏం బిల్లలమ్మా? పోరగాండ్లు ఆడుకునేటియా?"

"సర్కారు కొత్తగా తెచ్చిన పైసలమ్మా. ఇప్పుడివే చెల్లుతాయి."

"సర్కారుకు చెల్లుతయేమో. నాకు అణాలే ఎరుక. నీ దగ్గర్నే పెట్టుకో. తిను, మస్తు ఎండ ఉంది" అంది.

అట్లా ఉట్టిగానే తిన్నాం. మా మెట్‌పల్లి అంగడిలో పుచ్చకాయ ముక్కకు కూడా బేరమాడే నేను ఆ కాయను గింజలతో సహా మింగాను.

ఖానాపూర్

ఖానాపూర్‌లో ఒక ముసలి సాయిబు చాయ దుకాణం ముందు బండి ఆపాం. అణాకు గ్లాసు నిండా చాయ పోశాడు. మన దగ్గర ఆ అణాకు సగం గ్లాసు పోసి పైన నురగ చూపిస్తారు. ఆ పక్కనే ఒకావిడ జొన్న రొట్టెలు, పిట్ల అమ్ముతోంది. పిట్ల అంటే శనగపిండిని ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో ఉడికించిన గట్టి కూర. ఆ దిక్కు వాళ్లకు అది లేకపోతే ముద్ద దిగదట. నాకు చాలా నచ్చింది. ఓదెలు మామ మాత్రం రెండు రొట్టెలు తిని, చేతులు కడుక్కొని, "గీ ఊర్లల్ల పచ్చిపులుసు అనేదే లేదా? ఎట్ల బతుకుతున్నరో" అని బాధపడ్డాడు.

సాయిబు మా పని ఏమిటని అడిగాడు. ఎవరికీ చెప్పవద్దనుకున్న సంగతిని నేను ఒక చాయ తాగేలోపే మొత్తం చెప్పేశాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"మీ తమ్ముడు రమ్మని కబురు వెట్టిండా బిడ్డా?"

"లేదు. మా అవ్వే పంపింది."

"అచ్ఛా" అన్నాడు. చాయ పైసలు మాత్రం నా దగ్గర తీసుకోలేదు. పుట్టింటి ఆడబిడ్డ తమ్ముడింటికి పోతుంటే చాయ అమ్ముకోవడమేమిటన్నాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. అది తమ్ముణ్ణి ఆ ఇంటి నుంచి తెచ్చే ప్రయాణమని ఆయనకు తెలిసి కూడా అట్లా అన్నాడు.

అడవి దారి

ఖానాపూర్ దాటాక దారి గుట్టలెక్కుతుంది. అక్కడి బండ్లవాళ్లకు ఒక పద్ధతి ఉంది. వాగు దగ్గరికి ముందు వచ్చిన బండి వెనకొచ్చే బండి కోసం ఆగుతుంది. ఎంతసేపైనా సరే, ఇద్దరూ కలిసే దిగుతారు, ఎవరి చక్రం ఇరుక్కున్నా రెండోవాడు ఉంటాడని. మన దగ్గర ముందున్న బండిని దాటకపోతే మగతనం పోయినట్టే లెక్క. ఓదెలు మామ మొదట విసుక్కున్నాడు. రెండో వాగు దగ్గర వెనకబండి వాళ్లు తునికి పండ్లు పంచిపెట్టాక ఆయనే ఆగడం మొదలుపెట్టాడు.

ఒక చేను మధ్యలో పెద్ద ఇప్పచెట్టు కింద ఒకావిడ కాయలు ఏరుతోంది. నేను దిగి మాట కలిపాను. ఈ చేను మీదేనా అని అడిగాను.

"చేను మాది కాదు బాయీ. చెట్టు మాది" అంది. ఆ దిక్కు ఆడవాళ్లను బాయీ అనే పిలుస్తారు.

నాకు అర్థం కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది. ఆ చెట్టు వాళ్ల తాతల కాలం నుంచి వాళ్లది. చేను చేతులు మారింది, చెట్టు మారలేదు. పువ్వు రాలే కాలంలోనూ కాయ కాలంలోనూ వాళ్లు వచ్చి ఏరుకుంటారు. చేనువాడు చెట్టు చుట్టూ దున్నకుండా వదిలిపెడతాడు. మా వాడకట్టులో ఒక వేపకొమ్మ పక్కింటి గోడ మీదికి వంగినందుకు రెండు కుటుంబాలు జగిత్యాల కచేరీ చుట్టూ తిరుగుతున్నాయి. ఆ సంగతి చెబితే ఆమె నమ్మలేదు. "కొమ్మ కోసమా?" అని మళ్లీ అడిగింది. ఇంకా ఎక్కువ చెబితే మన పరువే పోతుందని నేను బండెక్కాను.

అడ్డంగా పెట్టిన బొంగు

మా తమ్ముడి ఊరి పేరు రాయను. ఇందులో ఒకరిద్దరి సంగతులు వస్తాయి, వాళ్లకు నొప్పి కలిగించడం నాకిష్టం లేదు.

మధ్యాహ్నానికి చేరాం. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప మనుషులు లేరు, అందరూ చేలల్లో ఉన్నారు. ఇండ్లు మన మట్టిగోడల ఇండ్లలా కావు. టేకు గుంజలు పాతి, వెదురు తడికె కట్టి, దానికి రెండు వైపులా ఎర్రమట్టి మెత్తుతారు. పైన గూనపెంకులు. ఒక్క ఇంటికి తాళం లేదు. తలుపులు బార్లా తెరిచి, గుమ్మానికి అడ్డంగా ఒక వెదురు బొంగు పెట్టి పోయారు. రాజం అక్కనని చెప్పి, ఒక పిల్లవాణ్ని అడిగి ఇల్లు కనుక్కున్నాను. ఓదెలు మామ ఎడ్లను వాగుకు తోలుకుపోయాడు. నాకు గొంతు ఎండిపోయింది. మా దిక్కు మేకలు దూరకుండా ఇట్లాగే కర్ర అడ్డం పెడతాం. అట్లాగే కాబోలనుకొని బొంగు తీసి పక్కన పెట్టి, లోపలికి పోయి, రంజన్‌లో నీళ్లు ముంచుకొని తాగి, చల్లటి నేల మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాను.

ఎదురింటి అరుగు మీద చేటలో పప్పు చెరుగుతున్న ఒక ముసలమ్మ, ఆ పిల్లవాడు నేనెవరో చెప్పగానే, నన్ను చూసి చేట కింద పడేసింది.

"ఓ గంగుబాయీ! రాజం అక్క వచ్చింది! బొంగు దీసి లోపటికి పోయింది!" అని చేల దిక్కు తిరిగి కేక పెట్టింది.

కాసేపట్లో ఇంటి ముందు గుంపు చేరింది. ఒకావిడ నా కాళ్లకు నీళ్లు పోసింది, ఇంకొకావిడ పసుపు రాసింది. నేను వద్దంటున్నా ఎవరూ వినలేదు. గుంపును తోసుకొని ఒక సన్నటి పొడుగాటి మనిషి పరుగెత్తుకొచ్చింది. మరాఠీవాళ్లలాగా గోచీ పోసి కట్టిన చీర, చేతుల నిండా మట్టి. నా రెండు చేతులూ పట్టుకొని ఏడ్చేసింది. అదే రాజం అత్త గంగుబాయి. నేను దారి పొడుగునా ఎవరి మీద మాటలు నూరుకున్నానో ఆ మనిషి.

"వచ్చినవా బాయీ! గిన్నేండ్లకు వచ్చినవా! ఇగ నాకు ఏ ఫికర్ లేదు" అంది.

ఆ చేతుల మట్టి నా చేతులకూ అంటింది.

అంతలో రాజం వచ్చాడు. నల్లబడ్డాడు, చిక్కాడు, భుజం మీద చిన్న కూతురు. గుంపు సర్దుకున్నాక నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు.

"అక్కా, నిజంగనే నన్ను అప్పజెప్పనీకె వచ్చినవా?"

"అప్పజెప్పుడేంది?"

వాడు నా ముఖం చూసి సంగతి గ్రహించాడు. మెల్లగా చెప్పాడు. ఆ ఊళ్లో ఇంటికి అడ్డం పెట్టిన బొంగును ఆ ఇంటి మనిషి తప్ప ఎవరూ తీయరు. చుట్టాలైతే అరుగు మీదే కూర్చుంటారు. ఇల్లుటం వచ్చిన అల్లుడి తరఫున అక్కో తల్లో వచ్చి బొంగు తీసి లోపలికి పోయిందంటే, తమ పిల్లవాణ్ని ఆ ఇంటికి ఇచ్చేయడానికి వచ్చినట్టు. మనం పెండ్లికూతురికి అప్పగింతలు పెట్టినట్టు, వాళ్లు ఇల్లుటపు అల్లుడికి పెడతారు. మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు కనుక రాజానికి అది జరగలేదు. అందుకే మామ పోగానే ఆయన అన్న కొడుకు నాందేవ్ అడ్డం తిరిగాడు. అప్పజెప్పని వాడు ఊరివాడు కాడు, మగదిక్కు లేని చేను పాలివాడికి, అంటే తనకే, చెందాలి అంటున్నాడు.

"ఎల్లుండి గింజల పండుగ అక్కా. ఊరోళ్లందరు విత్తనాలు తెచ్చి కలుపుకుంటరు. గా దినం నా గింజలు కలిస్తే నేను ఊరోణ్ని. కలవకుంటె చేను నాందేవ్‌ది. ఆయికి గా చేను తప్ప ఏం లేదు."

అత్తను వాడు ఆయి, అంటే అమ్మ, అంటున్నాడు.

"అవ్వ నిన్ను తోల్కరమ్మంది రాజం. రెండెకరాలు నీ కోసమే ఉంచింది" అన్నాను.

వాడు కూతురి జుట్టు సవరించాడు. "అవ్వ మాట కాదంటనా? నువ్వు ఎట్లంటె గట్ల" అన్నాడు. వాడు కొట్లాడితే నాకు సులువుగా ఉండేది.

గంగుబాయి పొయ్యి దగ్గర

ఆ సాయంత్రం గంగుబాయి రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. నన్ను ఏ పనీ ముట్టనివ్వలేదు. ఉడికించిన ఇప్పపువ్వులో నువ్వులు వేసి దంచిన ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది. బెల్లం వేయకుండానే అంత తీపి. మా వాడకట్టులో ఇప్పపువ్వు అంటే సారా తప్ప ఇంకో ఊసు రాదు. అది తింటారని నాకు అప్పుడే తెలిసింది.

రాజం భార్య రుక్మ నీళ్లబిందె దించి నా పక్కన చేరింది.

"వదినా, మీ దిక్కు బొంగు వెట్టరా? మరి ఇంట్ల ఎవలు లేరని ఎట్ల తెలుస్తది?"

"తాళం వేస్తాం."

"తాళమేస్తె ఇంటి మనిషే ముందుగాల వచ్చి దూపైతె నీళ్లెట్ల తాగాలె?" అని నవ్వింది.

ఆ అమ్మాయి నవ్వు చూసి ఇంకా దాచడం నా వల్ల కాలేదు. గంగుబాయితో చెప్పేశాను. బొంగు తీసింది తెలియక అని, అప్పజెప్పడానికి రాలేదని, మా అవ్వ కొడుకును ఇంటికి రమ్మంటోందని.

ఆవిడ చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది. రుక్మ తల వంచుకుంది. పెనం మీద రొట్టె మాడి వాసన వచ్చేదాకా ఎవరూ కదలలేదు. ఆ తరువాత గంగుబాయి మాడిన రొట్టెను తీసి తన కంచంలో వేసుకొని, కొత్త పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది.

"తల్లి గదా. పిలుస్తది" అంది. అంతే.

మరునాడు పొద్దున నేను లేచేసరికి ఆవిడ రాజం బట్టలు ఉతికి తీగ మీద ఆరేసింది. పొయ్యి మీద పెనంలో జొన్నలు వేగుతున్నాయి, దారికి సత్తుపిండి కొట్టడానికి. మనుమరాలి కాళ్ల కడియాలను చింతపండు పెట్టి తోముతోంది.

"ఇదేంది గంగుబాయీ?" అన్నాను.

"మీ అవ్వ మొదటిసారి జూస్తది గదా పిల్లను. మంచిగ కనవడాలె."

"మరి చేను?"

"చేనుకేంది బాయీ. నాందేవ్ దున్నినా పండుతది. మీ అవ్వ గిన్నేండ్ల సంది కొడుకు మొగం జూడలే. నేను రోజు జూస్కున్న."

ఆవిడ అడ్డం పడి ఏడిస్తే నేను గట్టిగానే ఉండేదాన్ని. నా గుండె అందుకు సిద్ధమయ్యే వచ్చింది. ఆవిడ ఏడవలేదు. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగి, మొఖం కడుక్కునే సాకుతో వాగు దిక్కు పోయాను.

వాగు పక్కనే వాళ్ల చేను. రాజం గెట్టు మీద రాళ్లు పేరుస్తున్నాడు. చేను నిండా రాళ్లే ఉండేవట. వాడు వచ్చినప్పటి నుంచి ఏరి గెట్టు చుట్టూ గోడలా పెట్టుకుంటూ వచ్చాడు. ఆ గోడ నా నడుము దాకా ఉంది. మా రెండెకరాలలో కలుపు తీయమంటే కడుపునొప్పి అని పడుకునేవాడు మా రాజం. ఇప్పుడు నాతో మాట్లాడుతూనే వంగి ఒక రాయి తీసి గోడ మీద సర్దాడు. రేపు ఊరు విడిచిపోయే మనిషి ఆ రాయి ఎందుకు తీశాడో వాడికే తెలియదు. చూస్తున్న నాకు తెలిసింది.

తిరిగి వచ్చి ఓదెలు మామతో, వట్టి బండితో పోతే అవ్వ నన్ను ఇంట్లోకి రానిస్తుందా అని అడిగాను. ఆయన ఎడ్ల మూతులు తుడుస్తున్నాడు.

"బండి ఖాళీగ పోతె ఎడ్లకు సుకం బిడ్డా" అన్నాడు. ఓదెలు మామ నోటి నుంచి అంత చిన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

గింజల పండుగ

ఆ ఊరి గింజల పండుగ మన ఏరువాకలాంటిది కాదు. ఎడ్ల అలంకారం లేదు, డప్పులు లేవు. మిరుగం, అంటే మృగశిర, వానలకు ముందు, ఊరి బయట ఒక రాతి గద్దె దగ్గర అందరూ చేరతారు. ఇంటికొక మోదుగాకు దొప్పలో విత్తనాలు తెస్తారు. ఊరిపెద్దను వాళ్లు పట్లా అంటారు. ఆయన అన్ని దొప్పలనూ ఒక పెద్ద గుల్లలో, అంటే వెదురు బుట్టలో, పోసి, చేతులతో కలిపి, మళ్లీ ఇంటికొక దొప్పెడు ఇస్తాడు. ఎవరి చేలో ఎవరి గింజ మొలిచిందో ఎవరూ చెప్పలేరు. మన దగ్గర విత్తనాల గుమ్మి మూత పక్కింటివాళ్లు చూస్తే దిష్టి అంటాం. నేను అక్కడ నిలబడి ఆ గుల్లను చూస్తూ ఆశ్చర్యపోయాను.

ఆ పొద్దున్నే గంగుబాయికి నా నిర్ణయం, రాజాన్ని నేనే అప్పజెబుతానని, చెప్పాను. అప్పుడు నాకు ఇంకో భయం పుట్టింది. "నేను భర్త పోయినదాన్ని గంగుబాయీ. మా దిక్కు ఇట్లాంటి పనుల్లో నన్ను ముందుకు రానివ్వరు. నా చేతితో ఇస్తే మంచిదేనా?" అని అడిగాను.

"నేను గూడ గంతే గద బాయీ" అంది. "ఇచ్చేదానివి నువ్వు, తీసుకునేదాన్ని నేను. మన ఇద్దరం గాక ఇంకెవలు జేస్తరు?"

ఎన్నో ఏండ్లుగా చుట్టాల పెండ్లిళ్లలో గోడకు ఆనుకొని నిలబడ్డదాన్ని. ఆ మాటకు నేను ఆవిడకు బతికినన్నాళ్లూ రుణపడి ఉంటాను.

రాజం దొప్పను నేనే పట్టుకొని గద్దె దగ్గరికి పోయాను. నాందేవ్ ముందుకు వచ్చాడు. చెడ్డమనిషిలా లేడు. అతని వెనక చిన్న పిల్లలు నలుగురైదుగురున్నారు, ఒంటి మీద సరైన బట్టలు లేవు.

"గిన్నేండ్లు లేని అక్క గిప్పుడెట్ల వచ్చింది పట్లా? జర అడుగు" అన్నాడు.

పట్లా నా వైపు తిరిగాడు. "మీ తల్లి పంపిందా బాయీ, పిల్లగాన్ని ఇచ్చి రమ్మని?"

అవునంటే అయిపోయేది. అక్కడ ఎవరూ మెట్‌పల్లి వచ్చి అడగబోరు. కాని బడిలో పిల్లలకు ఏం చెబుతానో ఆ నోటితోనే అక్కడా మాట్లాడాలి కదా. గంగుబాయి ముఖం చూడకుండా చెప్పాను.

"మా అవ్వ పంపింది నిజం. కాని ఇచ్చి రమ్మని కాదు, తీసుకురమ్మని. వాడు ఇంటికి వస్తే ఆమెకు ప్రాణం లేచివస్తుంది. నేను ఇక్కడికి వచ్చి చూశాక, నా అంతట నేనే ఇస్తున్నాను. మా అవ్వకు నేను జవాబు చెప్పుకుంటాను."

నాందేవ్ ఏదో అనబోయి ఆగాడు. ఇక పని చెడిందనే అనుకున్నాను. పట్లా గద్దె మీది నుంచి దిగి నా ఎదుటికి వచ్చాడు.

"తీస్కపోనీకె వచ్చి ఇస్తున్నవంటే, జూసే ఇస్తున్నవ్" అన్నాడు. "ఇయ్యి."

నేను రాజం చేతిని తీసి గంగుబాయి చేతిలో పెట్టి, ఆ రెండు చేతుల్లో గింజలు పోశాను. "వీడు ఇగ మీ పిల్లగాడు. ఆకలైతే అన్నం పెట్టండి, తప్పు చేస్తే బుద్ధి చెప్పండి" అన్నాను. మన అప్పగింతల్లో అనే మాటలే అవి. ఇంకేం అనాలో నాకు తెలియదు. రాజం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ గింజలు గుల్లలో పడ్డాయి, పట్లా చెయ్యి పెట్టి కలిపాడు.

నాందేవ్ తన దొప్ప పట్టుకొని ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. చివరికి వచ్చి గుల్లలో పోశాడు.

"గెట్టు మీది ఇప్పచెట్టు మాత్రం మా తాతది. చెట్టు నాది" అన్నాడు.

"నీదే దాదా. ఎవలు కాదన్నరు?" అన్నాడు రాజం కళ్లు తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. నాందేవ్ కూడా కాస్త నవ్వాడు. ఆ సాయంత్రం అతని భార్య నాకు ఎండబెట్టిన ఇప్పపువ్వు కొంగు నిండా పోసి పంపింది.

మెట్‌పల్లి

అవ్వ వాకిట్లోనే ఉంది. వట్టి బండిని చూసి లేచి నిలబడింది.

"వాడేడే?"

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అవ్వ మొత్తం విని, లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు తినలేదు. ఆ తరువాత కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, ముఖం మాత్రం చూసేది కాదు. నేను బతిమాలలేదు. ఆమె కోపం న్యాయమైనదే. కన్నకొడుకును ఆమెను అడగకుండా ఇచ్చి వచ్చాను.

ఒకరోజు మొదటి వాన పడుతోంది. నేను అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అవ్వ వచ్చి పక్కన కూర్చొని చేట తన వైపు లాక్కుంది. రాళ్లు ఏరుతూ అడిగింది.

"ఆమె వాణ్ని మంచిగ జూస్తదా?"

"చూస్తది అవ్వా."

"నా ముంగట మంచిగ చెప్పకు. ఏమంటది వాణ్ని?"

నేను ఆలోచించాను. పొగడ్తలు చెబితే నమ్మదు. గుర్తుకొచ్చింది చెప్పాను. "మేం బయలుదేరే పొద్దున బాగా తిట్టింది. తడి ఒంటితో వాగు గాలిల తిరిగొచ్చిండని, జ్వరమొస్తె ఎవలు చేస్తరని, వాడకట్టంత వినపడేట్టు ఒర్రింది. వాడు తల వంచుకొని నవ్వుకుంట నిలబడ్డడు."

అవ్వ చెయ్యి బియ్యంలో ఆగింది.

"తిట్టిందా? అందరి ముంగట?"

"అందరి ముంగట్నే."

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను భయపడ్డాను. కాని ఆమె ముఖం ఎన్నో రోజుల తరువాత తేటపడింది.

"అల్లున్ని ఎవలన్న అట్ల తిడ్తరా బిడ్డా? కొడుకునైతెనే తిడ్తరు" అంది. "ఓదెలును బండి కట్టమను. వానలు ముదరక ముందే నేను గూడ పోయి ఆ గంగుబాయిని జూసి వస్త."